పితూరి అని రాసిందెవరు?

గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. కొన్నాళ్ల కిందట మేము బడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాం. సమాధి ముందు నిలబడి ఒక పిల్లాడు జేబులోంచి ఫోను తీశాడు. "మాస్టారూ, రాజుగారి అసలు ఫోటో నా దగ్గరుంది, చూడండి" అన్నాడు. చూస్తే అది సినిమా నటుడి బొమ్మ. పక్కనున్న పిల్ల, "కొమరం భీం కూడా ఇక్కడికి వచ్చేడు కదా మాస్టారూ?" అని అడిగింది.

మేము నవ్వేశాం. తిరిగి వచ్చే దారిలో మాత్రం ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ పిల్లల తప్పేముంది? ఫోను వాళ్ల చేతికిచ్చింది పెద్దవాళ్లమే. అందులో కనబడేదాన్ని ఎలా చదవాలో నేర్పనిదీ మేమే. శిక్షణ తరగతుల్లో మాకు యాప్‌లో హాజరు ఎలా వేయాలో, ఫోటో ఎలా ఎక్కించాలో చెప్పారు. ఎక్కించిన ఫోటోను ఎలా అనుమానించాలో మాకూ ఎవరూ చెప్పలేదు.

డిజిటల్ అక్షరాస్యత, మీడియా అక్షరాస్యత అనే మాటలు ఇప్పుడు తరచూ వినబడుతున్నాయి. ఇవి పట్నం బడులకు సంబంధించిన సంగతులని చాలామంది ఉపాధ్యాయ మిత్రులు అనుకుంటున్నారు. వీటి అవసరం అందరికంటే మనకే ఎక్కువ. ఎందుకంటే మన గురించి ఇతరులు రాసిన రాతల వల్ల నూరేళ్లకు పైగా నష్టపోతూ వస్తున్నవాళ్లం మనం. అందుకే ఈ పాఠాన్ని మన చరిత్రతోనే మొదలుపెట్టవచ్చని మాకు తోచింది.

ఒకే సంఘటన, రెండు మాటలు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద రాజుగారి దళం దాడి చేసింది. 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు పట్టుకెళ్లింది. దాడికి ముందే ఫలానా రోజున వస్తున్నామని మిరపకాయలు కట్టిన ఉత్తరం పంపేవారని, దాన్ని మిరపకాయ టపా అనేవారని పెద్దలు చెబుతారు. పంపినవాడి పేరు దాచని కబురు అది.

ఆ కోపం ఒక్క రోజులో పుట్టలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది. అడవిలోకి వెళ్లాలన్నా, పుల్లా పుడకా తెచ్చుకోవాలన్నా గార్డు దయ కావాలి. ముఠాదారుల పాత హక్కులు తగ్గిపోయాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల్లోకి వేసిన రోడ్డు పనిలో చాలీచాలని కూలికి మనవాళ్ల చేత చాకిరీ చేయించారు. ఆ పని చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద మన్యమంతా మండిపోయింది.

సర్కారు కాగితాల్లో ఈ పోరాటం పేరు ఫితూరి. 1879 నాటి రంప తిరుగుబాటుకూ అదే పేరు పెట్టారు. తెలుగులో పితూరి అంటే తిరుగుబాటు అనే అర్థం ఉంది, చాడీ అనే అర్థమూ ఉంది. బడిలో ఒకరి మీద ఒకరు పితూరీలు చెప్పుకునే మన పిల్లలకు ఈ రెండో అర్థం బాగా తెలుసు. తిండి కోసం, అడవి కోసం లేచిన జనాన్ని ఆ ఒక్క మాటతో గొడవ చేసేవాళ్ల లెక్కలో వేసేశారు. మనం మన్యం పోరాటం అంటున్నదీ, వాళ్లు ఫితూరి అన్నదీ ఒకటే సంఘటన. పేరు పెట్టినవాడు ఎటువైపు నిలబడి ఉన్నాడో ఆ పేరే చెప్పేస్తుంది.

రాజుగారి మరణం సంగతి కూడా అంతే. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను చంపారు. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు వైపు మాట. పట్టుకుని చెట్టుకు కట్టి కాల్చారని మన్యం మాట. ఈ రెండు వాక్యాలనూ మేము బోర్డు మీద పక్కపక్కన రాసి పిల్లల్ని అడుగుతాం. మొదటి వాక్యం వల్ల ఎవరికి లాభం? రెండో వాక్యం ఎవరి నోట బతికింది? ఏది నమ్మాలో తేల్చుకోవడానికి ఇంకా ఏం చూడాలి? ఆరో తరగతి పిల్లలు కూడా ఈ ప్రశ్నలకు చక్కగా జవాబు చెబుతారు.

ఆయన పుట్టిన ఏడాది కొన్ని పుస్తకాల్లో 1897 అనీ, కొన్నింటిలో 1898 అనీ ఉంటుంది. 125వ జయంతి ఉత్సవాలు 2022 జూలై 4న భీమవరంలో మొదలయ్యాయి కాబట్టి ప్రభుత్వం 1897ను లెక్కలోకి తీసుకుందని తెలుస్తుంది. అచ్చులో ఉన్నంత మాత్రాన రెండు పుస్తకాలూ ఒకటే చెప్పవని పిల్లలకు చూపించడానికి ఇంత చిన్న ఉదాహరణ చాలు.

సినిమాలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు

1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' సినిమాను చాలావరకు చింతపల్లి అడవుల్లోనే తీశారు. మా పెద్దల తరానికి రాజుగారి ముఖమంటే నటుడు కృష్ణ ముఖమే. 2022 మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 4న, అనకాపల్లి జిల్లా, అల్లూరి సీతారామరాజు జిల్లా కొత్తగా ఏర్పడ్డాయి. అప్పటి నుంచి మా పిల్లలకు రాజుగారి ముఖం మారిపోయింది.

ఆ సినిమాలో రాజుగారు, కొమరం భీం ప్రాణ స్నేహితులు. అది కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు. భీం పోరాడింది నిజాం ఏలుబడిలోని ఆసిఫాబాద్ అడవుల్లో. జోడేఘాట్‌లో ఆయన ప్రాణం విడిచింది 1940లో. అప్పటికి రాజుగారు చనిపోయి 16 ఏళ్లు. సినిమా వాళ్లు కథ అల్లుకోవచ్చు. కానీ అందులోని ఒక ముక్కను కోసి, కింద "అరుదైన నిజ చిత్రం" అని రాసి ఎవరో పంపితే, అది కథ అన్న సంగతి మాయమైపోతుంది. మా పిల్లాడి ఫోనులోకి వచ్చింది అలాంటి ముక్కే.

ఇంకో లోటు కూడా ఉంది. ఒకరోజు పిల్లల చేత ఫోనులో రాజుగారి పేరు వెతికించాం. తెరంతా నిండిపోయింది. తర్వాత గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు వెతికించాం. అన్నదమ్ములిద్దరూ ఆ పోరాటానికి రెండు భుజాలు. గంటం దొర 1924 జూన్‌లో పోలీసుల చేతిలో చనిపోయాడు. మల్లు దొర పట్టుబడి అండమాన్ జైలు చూశాడు, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అండమాన్ జైలు నుంచి పార్లమెంటు దాకా నడిచిన ఆదివాసీ! ఆయన గురించి మా పిల్లలకు దొరికింది నాలుగైదు వాక్యాలు.

"ఫోనులో లేదంటే ఆయన పెద్దవాడు కాదన్నమాటా మాస్టారూ?" అని ఒక పిల్ల అడిగింది. ఆ ప్రశ్నకు మేము చెప్పిన జవాబు ఇది. ఫోను తనంతట తాను ఏదీ రాయదు. ఎవరో రాసి పెట్టినదాన్నే వెతికి చూపిస్తుంది. ఎక్కువమంది రాసినదీ, ఎక్కువమంది చూసినదీ పైన కనబడుతుంది. మనం రాయనిది అడుగున కూడా ఉండదు.

తెర కొండెక్కిన దారి

బయటి మాట మన గూడేలకు ఎలా వచ్చిందో కూడా పిల్లలకు తెలియాలి. ఒకప్పుడు సంతే మన వార్తాపత్రిక. ఉప్పు కొనడానికి దిగినవాడు ఊరి కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. చెప్పినవాడెవరో తెలుసు కాబట్టి ఆ కబురుకు ఎంత విలువివ్వాలో కూడా తెలిసేది. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం వచ్చాక కొన్ని ఇళ్లలో రేడియో పలికింది.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపే ప్రయోగం ఒకటి జరిగింది. దానిపేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలను ఎంచుకుంటే అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పల్లెకు చదువు తేవడానికి తెరను వాడుకోవడం మన దేశంలో అంత పాత సంగతి. 2017లో దీక్ష వేదిక వచ్చింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే పాఠం తెరుచుకుంటుంది. కరోనా కాలంలో బడులు మూసేస్తే దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చెప్పారు. 2022 డిసెంబరు 21 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు.

వీటన్నింటిలో ఒక పోలిక ఉంది. తెర చెబుతుంది, మనం వింటాం. వినడం వరకే మనకు నేర్పారు. ఇప్పుడు చేతిలోని ఫోను అలా కాదు. అది చెబుతుంది, మన చేతా చెప్పిస్తుంది, మనం చెప్పినదాన్ని ఊరూరా తిప్పుతుంది. వినడం మాత్రమే తెలిసినవాడి చేతిలో ఇది ప్రమాదం.

చదువుకున్న దేశాలకు కూడా ఈ భయం ముందే పట్టుకుంది. టీవీ కాలంలోనే, 1982లో, జర్మనీలోని గ్రున్‌వాల్డ్‌లో యునెస్కో ఒక సమావేశం పెట్టి, పత్రికలనూ టీవీనీ విమర్శతో చూడటం పిల్లలకు బడిలోనే నేర్పాలని ప్రకటన చేయించింది. 2011లో ఉపాధ్యాయుల కోసమే ఒక పాఠ్యప్రణాళిక తయారుచేసింది. ఏటా అక్టోబరు 24 నుంచి 31 వరకు మీడియా, సమాచార అక్షరాస్యత వారం జరుపుతున్నారు. మన బడుల్లో ఆ వారం జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక బోర్డు, ఒక సుద్దముక్క చాలు.

కొత్తవాడంటే ఎవరు?

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు దేశమంతా పాకింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పల్లెలు రాత్రుళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. కొత్తగా కనబడిన పాపానికి అమాయకులు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అప్పుడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని మన ఉపాధ్యాయులు తెలుసుకోదగ్గది. ఆమె పోలీసుల్ని ఊరూరా పంపారు. డప్పు వేయించారు, పాటలు కట్టించారు, వచ్చిన సందేశాన్ని జనం ముందే విప్పి అది అబద్ధమని చూపించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఫోనులో వచ్చిన అబద్ధాన్ని ఆపడానికి అక్కడ ఇంకో యాప్ అవసరం పడలేదు. నమ్మకమున్న మనిషి ఎదురుగా నిలబడి చెప్పాడు, డప్పు పలికింది. డప్పు మనకు కొత్తా? ఆ ఏడాదే వాట్సాప్ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది.

ఈ సంగతి చెప్పినప్పుడు మేము పిల్లల్ని ఒక మాట అడుగుతాం. "మీ నాన్న కూలికి పరాయి ఊరు వెళ్తాడు కదా. అక్కడివాళ్లకు ఆయన ఎవరు?" తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడ కొత్తవాడు మనమే. మన భాష వాళ్లకు తెలియదు, మన ముఖం వాళ్లకు తెలియదు. పుకారును ముందుకు పంపిన వేలు ఏదో ఒకరోజు మన ఇంటి మనిషి మీదికే దెబ్బ పంపవచ్చు.

భూమి దగ్గర ఈ చదువు విలువ

అనకాపల్లి జిల్లాలో వి. మాడుగుల, రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం లాంటి మండలాల్లో కొండల అంచున ఆదివాసీ పల్లెలున్నాయి. వీటిలో చాలావాటికి ఐదో షెడ్యూలు వర్తించదు. జిల్లాలు విడిపోయినప్పుడు పాడేరు వైపు ఏజెన్సీ 11 మండలాలూ అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి. ఏజెన్సీలో ఆదివాసీ భూమిని గిరిజనేతరులు కొనకుండా 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మనం 1/70 అనేది, కాపాడుతుంది. షెడ్యూలు బయట ఉన్న మన పల్లెలకు ఆ గొడుగు లేదు.

ఇప్పుడు ఒక సందేశం వచ్చిందనుకుందాం. "1/70 ఎత్తేశారు" అని ఒకటి. "మీ ఊరికి కూడా 1/70 ఉంది, మీ భూమిని ఎవరూ ముట్టుకోలేరు" అని ఇంకొకటి. మొదటిది నమ్మితే భయంతో తక్కువ ధరకు అమ్ముకుంటాం. రెండోది నమ్మితే ధీమాగా కూర్చుని ఉన్నది పోగొట్టుకుంటాం. మన ఊరు షెడ్యూలులో ఉందా లేదా అన్నది తెలిసినవాడికి ఈ రెండు సందేశాలూ ఏమీ చేయలేవు.

అందుకే పై తరగతి పిల్లల చేత మేము ఒక పని చేయిస్తాం. ఇంట్లో పట్టా కాగితం చూసి సర్వే నంబరు రాసుకురమ్మంటాం. సిగ్నలున్న చోట మీభూమి తెరిచి అడంగల్, 1బి చూపిస్తాం. పేరు సరిగా ఉందా? విస్తీర్ణం సరిపోయిందా? సాగు చేస్తున్నది ఎవరని రాశారు? ఒకప్పుడు ఈ లెక్కలు కరణం, మునసబు పెట్టెలో ఉండేవి, చూడాలంటే వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి. ఇప్పుడు తెర మీదకొచ్చాయి. కానీ రాసే చెయ్యి మనది కాదు కదా. తప్పు రాస్తే తెర కూడా ఆ తప్పే చూపిస్తుంది. తప్పు కనబడితే ఆ పేజీ అచ్చు తీసుకుని, తేదీ వేసి, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ సమాచారం ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తాతకు చదువు రాకపోయినా మనవరాలు ఆ పేజీ చదివి వినిపించిన రోజున డిజిటల్ అక్షరాస్యత అంటే ఏమిటో ఆ ఇంటికి మనం వేరే చెప్పక్కర్లేదు.

తరగతి గదిలో నాలుగు ప్రశ్నలు

ఏ సందేశం వచ్చినా, ఏ బొమ్మ వచ్చినా మా పిల్లలు నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎవరు చెప్పారు? ఎప్పటిది? ఇంకెక్కడైనా ఉందా? నమ్మితే లాభం ఎవరికి, నష్టం ఎవరికి? వీటిని గోడ మీద రాసిపెట్టాం. పాత వరద ఫోటో కొత్త వరదగా వచ్చినప్పుడు రెండో ప్రశ్న పట్టుకుంటుంది. ఉద్యోగం ఇస్తాం, ముందు డబ్బు కట్టండి అన్నప్పుడు నాలుగోది పట్టుకుంటుంది.

సరిచూసుకోవడానికి చోట్లు కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ పథకం పేరుతో వచ్చిన సందేశాన్ని పీఐబీ ఫ్యాక్ట్ చెక్‌లో చూడవచ్చు. హైదరాబాదు నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనే వివరిస్తుంది. ఫోటోను వెనక్కి వెతికే సదుపాయం గూగుల్ లెన్స్‌లో ఉంది, మా పిల్లాడి "అసలు ఫోటో" ఏ సినిమాలోదో దానితో నిమిషంలో తేలిపోయింది. ఫోను మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఓటీపీ ఎవరు అడిగినా, బ్యాంకు పేరు చెప్పినా సరే, ఇవ్వకూడదు. ఇప్పుడు కృత్రిమ మేధతో మనిషి గొంతు, ముఖం కూడా తయారు చేస్తున్నారు కాబట్టి "నా చెవులతో విన్నాను" అన్నది కూడా రుజువు కాదని చెప్పాలి.

సిగ్నల్ లేని బడిలో ఇవన్నీ ఎలా అని మిత్రులు అడుగుతారు. మేము వారానికి ఒకరోజు సిగ్నలున్న చోట ఫోనులోకి దింపుకుంటాం, లేదా సందేశాన్ని చార్టు మీద రాసుకుని తరగతికి తీసుకెళ్తాం. ప్రశ్న వేయడానికి సిగ్నల్ అక్కర్లేదు.

మనం రాయాల్సింది

అబద్ధాన్ని పట్టుకోవడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం మన మాటను మనం రాసి పెట్టడం.

సవరల కోసం మంగయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశారు. కంప్యూటర్లన్నీ గుర్తించే యూనికోడ్‌లో దానికి 2012లో చోటు దొరికింది. ఆదిలాబాద్ వైపు గుంజాలలో బయటపడిన గోండి లిపికి 2018లో దొరికింది. అంటే ఆ అక్షరాలు ఫోనులో రాయడానికి దారి పడింది. మన రాష్ట్రంలో 2004లో సవర, కువి, కోయ, ఆదివాసీ ఒడియా వంటి 8 భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. ఈ భాషల్లో ఫోనులో ఎంత రాసి ఉంది? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, మల్లు దొర గురించీ రాయవచ్చు. కానీ ప్రతి వాక్యానికీ అచ్చయిన ఆధారం అడుగుతారు. మా తాత చెప్పాడంటే ఒప్పుకోరు. అలాంటప్పుడు మన పెద్దల మాట ముందు అచ్చులోకి రావాలి. బడి పత్రిక అయినా, ఇలాంటి చిన్న పుస్తకమైనా సరే.

మేము పిల్లలకు సెలవుల్లో ఇచ్చే పని ఇదే. ఊళ్లో పెద్ద వయసు మనిషి దగ్గర కూర్చోండి. రికార్డు చేయవచ్చా అని ముందు అడగండి. వద్దంటే మానేయండి. ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ మొదట చెప్పించండి. వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వండి. తర్వాత తెలుగులో రాయండి, ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. ఏది మీరు చూశారో, ఏది విన్నారో విడివిడిగా రాయండి.

మొన్న ఆ పిల్లే, కొమరం భీం ఇక్కడికి వచ్చేడా అని అడిగిన పిల్ల, తన ముత్తాత రోడ్డు పనికి వెళ్లిన కథ రాసుకొచ్చింది. వాళ్ల అవ్వ చెప్పిందట. పేరు, ఊరు, తేదీ పైన రాసింది. చివర ఒక వాక్యం చేర్చింది: "ఇది అవ్వ చెప్పగా రాసేను, కాగితం చూడలేదు." ఆ వాక్యానికి మేము ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి, తరగతిలో చదివి వినిపించాం.